రసవర్ణములును దెలుఁగు వ్యవహారమును

భరతుఁడు నాట్యశాస్త్రము షష్ఠాధ్యాయమున రసముల కొక్కొక వర్ణమును విధించెను. శృంగారము శ్యామము, హాస్యము సితము, కరుణము కపోతవర్ణము, రౌద్రము రక్తము, వీరము గౌరము, భయానకము కృష్ణము, బీభత్సము నీలము, అద్భుతము పీతము. తెలుఁగు కావ్యములందలి రంగులను విమర్శించువారి కీ పట్టిక మిక్కిలి యనుకూలమైన కొలకఱ్ఱ. కాని యా కొలకఱ్ఱ తెలుఁగువారి మనోభావముల కెంతవఱకుఁ జెల్లునను ప్రశ్న మిగిలియున్నది. ఆ ప్రశ్నయే యిట విచార్యము.

రౌద్రమునకు రక్తవర్ణ మనుభవసిద్ధము. శాస్త్ర మెఱుఁగనివాఁడును గోపించినవానిఁ జూచి కన్నెఱ్ఱఁజేసె ననును. రంగులకును భావములకును గల యీ పొత్తు చాలవఱకు లోకసామాన్యమైనదే. 2020లో వెలువడిన యొక మనశ్శాస్త్ర పరిశోధనమున 30 దేశములకుఁ జెందిన 4,598 మందిని, 12 రంగుల పేళ్లకు 20 భావములతోఁ గల సంబంధమును గూర్చి యడిగిరి. సమాధానములు చాలవఱకు నేకీభవించెను. అయినను భాషలును దేశములును దగ్గఱయైన కొలఁది సామ్యము హెచ్చినది. ఎఱుపు కోపమునకును వలపునకును గూడ నొప్పినది. మన కవిసమయమునందు ననురాగము రక్తమే. మఱి భరతుఁడు శృంగారమును శ్యామ మనుటకు హేతువేమి? దాని కధిదైవతము విష్ణువని యతఁడే చెప్పియున్నాఁడు. కావున నా పట్టికయందు హృదయానుభవ మొక్కటియే కాక దేవతాసంప్రదాయమును గలిసియున్నదని తలఁచుట యుక్తము.

తెలుఁగు పలుకుబడి యింకొక త్రోవఁ బోవును. పసుపు రంగును, ఆకు రంగును మనకుఁ బచ్చయే. పచ్చని సంసార మనఁగా సమృద్ధి. అద్భుతముతో దానికిఁ బ్రసక్తి లేదు. సంస్కృతకవులకు నవ్వును గీర్తియుఁ దెల్లన. తెలుఁగువానికి మొగము తెల్లఁబోవుట పరాభవము. జీవనవృత్తియు నిట్లే రంగునకు భావము నొసఁగును. భద్రాచలపుటడవుల దెసనున్న కల్లూరు ఖమ్మము జిల్లాలోనిది. ఆ జిల్లా మిరపపంటకుఁ బేరుపడినది. కల్లమున నెండు కాయల యెఱుపు రైతునకు సంతోషము. రంగు తప్పి తెల్లవాఱిన కాయ తాలు, దానికి ధర తక్కువ. అట్టి రైతుతో నెఱుపు రౌద్రమనియుఁ దెలుపు హాస్యమనియుఁ జెప్పిన నతఁ డెట్లు సమ్మతించును?

స్త్రీపురుషభేదము వచ్చునప్పటి కీ పట్టిక మఱింత చాలదు. పురుషుని కీర్తిని వర్ణించునపుడు మన ప్రబంధకవులు వెన్నెలను, మంచును, మల్లెలను దెచ్చి దిక్కుల నెల్లఁ దెలుపున ముంచిరి. అదే తెలుపు పెక్కు కులములయందు భర్త చనిపోయిన స్త్రీకిఁ గట్టుబట్ట యయ్యెను. పసుపుకుంకుమ లైదువతనమునకు గుఱుతులు. వానిని దీసివేయుట దుఃఖమునకే కాదు, శుభకార్యములనుండి వెలియగుటకును గుఱుతు. పురుషునకు రంగు వర్ణనము. స్త్రీ కది కట్టడి. ఇఁక వెన్నెలరాత్రి ప్రియునికడ కేఁగు జ్యోత్స్నాభిసారికయుఁ దెల్లనే కట్టును. ఆమె తెలుపు తాను గోరినది. విధవ తెలుపు లోకము కట్టఁబెట్టినది. ఈ రెంటిని భేదింపక తెలుపు హాస్యవర్ణ మని వ్రాసినచో, కావ్యమున నున్న స్త్రీ యొక్కతెయు మనకుఁ గానరాదు.

భద్రాచలమున సీతారామకల్యాణమందలి తలంబ్రాలను జూడుఁడు. అన్యత్ర నవి పసుపుబియ్యము. అచ్చట గులాలును గలుపుటచే నెఱ్ఱనగును. పెండ్లిండ్లలోఁ జదువఁబడు తలంబ్రాల శ్లోకమున నొకే ముత్యములు సీత దోసిట నెఱ్ఱనై, రాముని శిరమునఁ దెల్లనై, మేనఁ జాఱునపుడు నీలములైనవి. ముత్యము మాఱలేదు, తావు మాఱినది. భావమును నట్టిదే.

భరతుని పట్టిక త్రోసివేయఁదగినది కాదు. నాట్యమునకు నియమము కావలెను. అది యా నియమము నొసఁగినది. కాని కావ్యవిమర్శకుఁడు మొదట నా రంగు ఎవరిపై, ఏ సమయమున, ఎవరి యిచ్ఛచేఁ బడినదో విచారింపవలెను. పట్టికను దెఱచుట యా పిమ్మటి పని.