అడిగాక కాసేపు ఆగాలి

గుజరాత్‌లో సూరత్ దగ్గరి కిమ్ స్టేషన్‌కి దగ్గర్లో ఒక అద్దె గది. ఆదివారం పూట అక్కడ తెలుగు పాఠం చెబుతాను. వచ్చే పిల్లల తండ్రులంతా పిపోదరా వైపు మరమగ్గాల మీద పనిచేసేవాళ్లే. సూరత్ నగరంలో అయితే కార్పొరేషన్‌ వారి తెలుగు మాధ్యమం బడులున్నాయి. మా పిల్లలు మాత్రం గుజరాతీ బడికి పోతారు.

పోయిన వారం చేతిరుమాలంత తెల్లగుడ్డ ముక్క తీసుకెళ్లాను. అంచు చూసి చెప్పేయకుండా, అంచులు ముందే కత్తిరించేశాను. "ఇందులో పడుగేది, పేకేది?" అని అడిగాను.

ఎప్పటిలాగే ముందు కూర్చునే అమ్మాయి టక్కున చెయ్యెత్తింది. ఆగమని సైగ చేసి, నేనూ నోరు కట్టుకున్నాను. మామూలుగా ఆ సందులో జవాబు నేనే చెప్పేసేవాణ్ణి. అట్లా ఎందరు పిల్లల ఆలోచన మొదట్లోనే తుంచేశానో తలుచుకుంటే బాధేస్తుంది.

మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు తరగతి గదుల రికార్డింగులు విని ఈ సంగతే పట్టుకున్నారు. ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సగటున ఒక్క సెకను. మూడు సెకన్లు ఆగితే చాలు, జవాబులు పెద్దవవుతాయి, వెనక బెంచీ కూడా మాట్లాడుతుంది. జవాబు వచ్చాకా అంతే ఆగాలంటారామె. నాకు కష్టమైంది ఈ రెండోదే. 'శభాష్' నాలుక చివరే ఉంటుంది మరి.

గుజరాత్‌లోనే, 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం పెట్టిన గిజుభాయి బధేకా రాసిన 'పగటికల' పుస్తకంలో మాస్టారు మొదటిరోజు పిల్లలతో మౌనం ఆట ఆడించబోతే గోల గోలవుతుంది. మౌనంగా ఉండాల్సింది ముందు మాస్టారేనని నాకిప్పుడు అనిపిస్తోంది.

ఆ రోజు నేనలా ఆగేసరికి, ఎన్నడూ నోరు మెదపని పిల్లాడు గుడ్డ అందుకున్నాడు. నిలువుగా లాగాడు, అడ్డంగా లాగాడు. "సార్, ఇటు సాగుతలేదు. ఇది పడుగు." నేను తలూపలేదు, అవుననలేదు. ఇంకొకడు అందుకున్నాడు: "అన్ని గుడ్డలూ గిట్లనే ఉంటయా?" ముందు వరుస అమ్మాయి చెయ్యి దించేసి తన చున్నీ కొస లాగి చూసుకుంటోంది. "రెండు దిక్కులా సాగేది నేస్తే ఎట్ల తెలుస్తది?" అంది.

ఆ సంగతి నాకూ తెలియదు, అదే చెప్పాను. ఈ ఆదివారం పిల్లలు ఇంట్లో దొరికిన పీలికలన్నీ మూట కట్టి తెస్తున్నారు.