రెండుసార్లు చేతికొచ్చిన ఫ్రీహ్యాండ్

2005 ఏప్రిల్‌లో అడోబీ తన పోటీ కంపెనీ మాక్రోమీడియాని 340 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటిస్తే, ఖమ్మం డీటీపీ సెంటర్లలో తలెత్తి చూసినవాళ్లు లేరు. భద్రాద్రి నవమి రోజులవి, ఫ్లెక్సులకీ శుభలేఖలకీ ఊపిరాడని కాలం. బొమ్మలన్నీ మేం కోరల్‌డ్రాలో వేసేవాళ్లం. అది మూడో కంపెనీది కాబట్టి బతికిపోయాం.

బతకనిది ఫ్రీహ్యాండ్. ఆల్ట్‌సిస్ తయారుచేసిన ఆ డ్రాయింగ్ ప్రోగ్రామ్‌ని ఆల్డస్ అమ్మేది. 1994లో ఆల్డస్‌ని అడోబీ కలుపుకోబోతే, అడోబీ సొంత డ్రాయింగ్ ప్రోగ్రామ్ ఇలస్ట్రేటరూ దాని పోటీదారూ ఒకే చేతిలో ఉంటే ఎట్లా అని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అడ్డుపడింది. ఫ్రీహ్యాండ్‌ని ఆల్ట్‌సిస్‌కి తిరిగి ఇప్పించి, అలాంటి ప్రోగ్రామ్ కొనకుండా అడోబీకి పదేళ్ల కట్టడి పెట్టింది. మరుసటి ఏడు ఆల్ట్‌సిస్‌ని మాక్రోమీడియా కొంది. పదేళ్లు నిండాక మాక్రోమీడియానే అడోబీ కొంది. 2007లో, ఫ్రీహ్యాండ్‌కి ఇక కొత్త వెర్షన్ రాదని చెప్పేసింది. గడువు తీరేదాకా కాచుకున్నారని నేననను, అనుకునేవాళ్లని తప్పుపట్టను.

మా బల్ల మీద మాత్రం 1994 నాటి బేరం ఇంకా కూర్చునే ఉంది. ఆల్డస్‌తో పాటు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ కూడా అడోబీకి వచ్చింది. 2001లో 7.0 ఇచ్చి, ఆపైన దాని బదులు తన ఇన్‌డిజైన్ నేర్చుకోమంది. యూనికోడ్ కాని అను తెలుగు ఫాంట్లకి, ఆ కీబోర్డుకి అలవాటుపడ్డ వేళ్లు ఒప్పుకోవాలి కదా! పాత కంప్యూటర్ ఒకటి పేజ్‌మేకర్ కోసమే అట్టిపెట్టుకున్నాం. (కొన్న కాపీయేనా అని అడక్కండి.)

చింతూరు నుంచి ఒకాయన వచ్చి, "అన్నా, మా అక్క పెళ్లికార్డే తియ్యి, పేర్లు మారిస్తే చాలు" అంటాడు. పేర్లతో చాలదు. ఆ ఫైల్లో చింతూరు ఖమ్మం జిల్లా. 2014లో తూర్పు గోదావరికి పోయింది, 2022లో అల్లూరి జిల్లాకి. ఊరు కదలకుండానే చిరునామా అన్నిసార్లు మారింది, ఫైలు మాత్రం పేజ్‌మేకర్‌లోనే ఉండిపోయింది. కొత్త ఇన్‌డిజైన్ దాన్ని తెరవదు. 2012లో వచ్చిన సీఎస్6 నుంచి ఇన్‌డిజైన్ తెలుగు యూనికోడ్‌ని సరిగ్గానే కూరుస్తోంది, నిజమే. అప్పటికే మా బీరువాలు అను ఫైళ్లతో నిండిపోయాయి.

2022లో అడోబీ మళ్లీ బయల్దేరింది, ఈసారి డిజైన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఫిగ్మా కోసం 2000 కోట్ల డాలర్లతో. అప్పుడు కంపెనీ పగ్గాలు మన హైదరాబాద్‌లో పుట్టిన శాంతను నారాయణ్ చేతిలో ఉన్నాయి. మనవాడని గర్వం ఉన్నా, ఆ బేరం చెడాలనే కోరుకున్నాను. బ్రిటన్, యూరప్ నియంత్రణ సంస్థలు ఒప్పుకోకపోవడంతో 2023 డిసెంబరులో అడోబీ వెనక్కి తగ్గి, ఫిగ్మాకి 100 కోట్ల డాలర్లు కట్టింది. మా సెంటర్లో ఫిగ్మా వాడేది మా మేనల్లుడొక్కడే. వాడికి ఈ గొడవేదీ తెలీదు, తెలియాల్సిన అవసరమూ పడలేదు.