అందని వైద్యం, అందనివ్వని వైద్యం

1932లో అమెరికా ప్రజారోగ్య విభాగం అలబామా రాష్ట్రం టస్కెగీలో ఒక పరిశోధన మొదలుపెట్టింది. సిఫిలిస్ వున్న నల్లవాళ్లు 399 మంది, పోల్చి చూడ్డానికి ఆ జబ్బు లేనివాళ్లు 201 మంది. ఎక్కువమంది పాలికి చేసుకునే పేదలే. 'మీది చెడు రక్తం' అని చెప్పి ఏళ్ల తరబడి రక్తం తీశారు, వెన్నులో సూదులు గుచ్చారు. శవాన్ని కోసి చూడనిస్తే ఖననం ఖర్చులిచ్చారు. 1940ల్లో పెన్సిలిన్ వచ్చింది. అది మాత్రం ఇవ్వలేదు. 1972లో వార్తాపత్రికల కెక్కేదాకా ఇదే తంతు.

ఇదేమీ రహస్యంగా జరగలేదు. 1936 నుంచే వైద్య పత్రికల్లో అచ్చవుతూ వచ్చింది. 1965లో షాట్జ్ అనే డాక్టరు అభ్యంతరం చెబుతూ ఉత్తరం రాస్తే జవాబే లేదు. ఆ మొదటి వ్యాసం శీర్షికను తెలుగు చేస్తే 'వైద్యం అందని నీగ్రో పురుషుల్లో సిఫిలిస్'. మా పేచీ ఆ 'అందని'తోనే. అందకపోవడం వేరు, అందనివ్వకపోవడం వేరు. మొదటి మాటలో కర్త మాయమైపోతాడు. నేరం కాస్తా రోగి లక్షణమై కూచుంటుంది.

మనకిది కొత్తా? 'అంటరానివాడు' అన్న మాటలోనూ అంటగూడదన్నవాడు కనబడడు గదా! అందుకే దీర్ఘవ్యాధుల మీద ఏ పరిశోధన చేతికొచ్చినా మేం ముందడిగేదొకటే: వెంటబడి లెక్కలు రాసుకున్నారు సరే, మందిచ్చారా? ఇవ్వకపోతే, వద్దన్నదెవరు?