చింతగింజల దగ్గర టీచరమ్మ

గోదావరిఖనిలో చాలా ఇళ్లు సింగరేణి బొగ్గు గనుల షిఫ్టుల లెక్కన నిద్రలేస్తాయి. రాత్రి షిఫ్టు దిగిన నాన్న పడుకునే వేళకు పిల్లాడు అంగన్‌వాడీకి వస్తాడు. టీచరమ్మ చింతగింజలు ముందు పోసి "ఐదు తియ్యి బిడ్డా" అంటుంది. వాడు మూడు దగ్గర ఆగుతాడు. ఆమె చెప్పెయ్యదు. నాలుగో గింజను కాస్త ముందుకు జరిపి, వాడి ముఖం చూస్తూ ఆగుతుంది. నాకు అబ్బురమనిపించేది ఆ ఆగడమే. ఒంటరిగా చేతకానిది పెద్దల చిన్న ఊతంతో పిల్లలు చేయగలరని, ఎదుగుదలకు చోటు అక్కడే ఉందని సోవియట్ మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ 1930ల్లో చెప్పాడు. మన దేశంలో 1975లో మొదలైన ఐసీడీఎస్ పథకం అంగన్‌వాడీలకు తిండితోపాటు బడికి ముందు చదువునూ అప్పగించింది. గుడ్లు, పాలు, తూకాలు, రిజిస్టర్ల నడుమ ఏ బిడ్డకు ఎంత సాయం చాలో, చెయ్యి ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో పసిగట్టడం గొప్ప విద్య. పక్కనున్న పాపకు గింజ జరపాల్సిన పనే లేదు. ఆ పాపను టీచరమ్మ పది అడుగుతుంది.