కలపదూలపు గణితము

పూర్వము మండువాయిల్లు కట్టదలచిన గృహస్థు వడ్రంగిని వెంటబెట్టుకొని కర్రల అడితికి పోయి, దుంగను తట్టి చూచి, దానిలో చేవ యెంత, ముడులెక్కడ, చెమ్మ యారినదా లేదా యని తెలిసికొన్న పిమ్మటనే దూలమునకు బేరమాడెడివాడు. నేడు హైదరాబాదులోని మాదాపూరులోనో గచ్చిబౌలిలోనో అద్దాలమేడలో కూర్చుండి, సముద్రముల కావలి దేశములలో లేవనున్న కట్టడమునకు లెక్కలు కట్టు ఇంజనీరునకు, జిగురుతో కూర్చిన కలపదూలము పనిగా వచ్చినప్పుడు, సాఫ్ట్‌వేరు మొట్టమొదట అడుగునవి ఇంచుమించుగా ఆ వడ్రంగి ప్రశ్నలే: ఇది యే తరగతి కలప, ఎంత చెమ్మగల చోట నుండును, ఎంత బరువు ఎంతకాలము మోయవలెను? వీనికి సమాధానము చెప్పకుండ ఒక్క అంకెయు ముందుకు సాగదు. ఈ విద్యయొక్క విలువ యంతయు ఆ నియమములోనే యున్నదని నా విశ్వాసము.

దూలము తయారగు విధము ముందుగ తెలియవలెను. స్ప్రూస్ వంటి మెత్తని జాతి చెట్టును సుమారు 40 మిల్లీమీటర్ల మందముగల పలకలుగా కోసి, చెమ్మ 12 శాతము ప్రాంతమునకు దిగువరకు ఆరబెట్టి, పెద్ద ముడులున్న చోటులను నరికి తొలగించి, మిగిలిన తునకల కొనలను దువ్వెనపండ్లవలె చెక్కి ఒకదానిలో నొకటి దూర్చి అతికి, నార యంతయు దూలము పొడవునకే సాగునట్లు పలకపై పలక పేర్చి, మెలమైన్ లేక పాలీయురెథేన్ జిగురు పూసి, గట్టిగ ఒత్తి పట్టుదురు. ఒక్క మ్రానులో ఒకేచోట గుమిగూడిన దోషములు పలు పలకలలో చెదరిపోవుటచే, ఈ కూర్పు బలమును ముందుగ నిశ్చయముగా లెక్కగట్ట వీలగుచున్నది. 1906లో జర్మనీదేశస్థుడైన ఓటో హెట్జర్ వంపుదూలమునకు పేటెంటు పొందిన ఈ పద్ధతియే, 2019 నాటికి నార్వేలో 85 మీటర్ల యెత్తుగల 18 అంతస్తుల మ్యోస్టార్నెట్ భవనమును నిలబెట్టగలిగినది.

ఇక లెక్క యొక్క నడక చూతము. రెండు గోడలమీద ఆనిన 8 మీటర్ల దూలము. మీటరునకు 2 కిలోన్యూటన్లు స్థిరభారము, 4 కిలోన్యూటన్లు మనుష్యుల, సామానుల భారము. 12 పలకలతో 160 మిల్లీమీటర్ల వెడల్పు, 480 మిల్లీమీటర్ల లోతు. ఐరోపా ప్రమాణములలోని ఒక సాధారణ తరగతి జిగురుకలపను తీసికొన్నచో, దానికి వంపు తట్టుకొను బలము చదరపు మిల్లీమీటరునకు 24 న్యూటన్లు. కాని సాఫ్ట్‌వేరు యూరోకోడ్ 5 అను ఐరోపా ప్రమాణము ననుసరించి ఆ యంకెను అట్లే వాడదు. బరువు నెలల తరబడి నిలుచును గనుక 0.8 చేత గుణించి, వస్తువులోని అనిశ్చితికై 1.25 చేత భాగించి, లోతునుబట్టి స్వల్పముగా సవరించి, 15.7 న్యూటన్లు మాత్రమే అనుమతించును. భద్రతాగుణకములు చేర్చిన భారమువలన దూలమందు కలుగు ఒత్తిడి 11.3, అనగా బలములో నూటికి 72 పాళ్లే ఖర్చయినవి. ఇంత మిగులు చూచి ఒక పలక తగ్గించిన నేమి యని తొందరపడినవాడు దెబ్బ తినును. మొదట 19 మిల్లీమీటర్లు వంగిన ఈ దూలము, బరువు క్రింద ఏండ్లు గడచిన కొలది నెమ్మదిగా జారి 25 మిల్లీమీటర్లకు చేరును. పొడవులో 300వ వంతు, అనగా 26.7 దాటరాదను హద్దు పెట్టుకొన్నచో, 11 పలకలతో బలము చాలునుగాని వంపు 32 దాటును. కలపదూలపు కొలతను తరచుగ నిర్ణయించునది విరుగుట కాదు, వంగుట; అందులోను కాలము తెచ్చు వంగుదల. ఉక్కుదూలము లెక్కకు అలవాటుపడిన మన యువకులు మొదట గ్రహింపవలసిన మర్మ మిదియే.

రెండవ మర్మము నారకు సంబంధించినది. ఇదే కలపను నారకు అడ్డముగ లాగినచో చదరపు మిల్లీమీటరునకు సగము న్యూటను మాత్రమే దాని బలము. కావున ఆనిక చోట దూలము అడుగున గాడి కోసినను, వంపుదూలమును నిటారుగ సాగదీయు బరువు పడినను, చీలిక అక్కడనే పుట్టును. మంచి సాఫ్ట్‌వేరు ఈ తనిఖీలను వేరువేరుగ చేసి చూపును. అగ్నిభయమును గూడ అది లెక్కించును: జిగురుదూలము నిమిషమునకు 0.7 మిల్లీమీటరు చొప్పున బొగ్గగును. గంటసేపు మండినచో 42, వేడికి బలహీనమైన పొర 7, వెరసి 49 మిల్లీమీటర్లు మంట తగిలిన ప్రతి ప్రక్కనుండి విడిచి, మిగిలిన గర్భమే బరువు మోయునా యని పరీక్షించును.

ఇట్టి విద్య మన యొద్ద పెరుగుటకు ఆలస్యమైనది. 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమై ఈ ప్రాంతమంతయు ఉక్కు, కాంక్రీటు, అద్దములతో నిండినది. 1993లో కేంద్ర ప్రజాపనుల శాఖ తన నిర్మాణములలో కలపను నిషేధించి, 2020లో గాని ఆ నిషేధము నెత్తివేయలేదు. కళాశాలలలోను కలపకు చివరి పీటయే. మన భారతీయ ప్రమాణమైన ఐఎస్ 883 కలపలను బిరుసునుబట్టి మూడు వర్గములుగ విభజించి, అనుమతింపదగిన ఒత్తిడుల పద్ధతిన నడచును; యూరోకోడ్ వేరొక మార్గమున నడచును. ఒకదాని అంకె మరొకదాని సూత్రములో పెట్టినచో తెరమీద పచ్చగుర్తు పడవచ్చును గాని, దానిని నమ్మి కట్టినవాడు చెడును.

కావున సాఫ్ట్‌వేరు తన గుణకములను దాచక విప్పి చూపవలెను. ఇంజనీరు కనీసము ఒక్క దూలమునైన కాగితముమీద తన చేతితో సరిచూడవలెను. అంతకు మించిన పని యొకటి మిగిలియున్నది. విదేశీ సాఫ్ట్‌వేర్ల పట్టికలలో స్ప్రూస్, పైన్ జాతులకు ప్రతి అంకెయు సిద్ధముగ నుండగా, మన తోటలలో పెరుగు టేకు, నీలగిరి చెట్ల పలకలను జిగురుతో కూర్చి, విరిచి, ఏండ్లతరబడి వంచి చూచిన విలువలే ఆ పట్టికలను నిజముగ మనవిగ చేయును. 1906లోనే వెలసిన డెహ్రాడూన్ అటవీ పరిశోధనాలయము భారతదేశపు కలపలను పరీక్షించి మార్గము చూపినది. ఆ పరీక్షలను జిగురుదూలమువరకు సాగించి, ఫలితములను అందరకు తెరచియుంచు సాఫ్ట్‌వేరు సైబరాబాదునుండి వెలువడినచో, పరదేశపు దూలమునకు లెక్కలు కట్టుచున్న మన యువకులు స్వదేశపు చెట్టుతో స్వదేశపు కప్పును నిర్భయముగ నిలబెట్టగలరు.