బెజ్జం కుదిరిన బొమ్మ

లక్కపిడతల పెట్టె తెరిస్తే నా చెయ్యి ముందు తిరగలి మీదికే పోతుంది. పై రాయిని నడిమి మేకు మీద కూర్చోబెట్టి వేలితో ఒక్క తిప్పు తిప్పి చూస్తాను. అంచు ఊగకుండా తిరిగితే చేసిన చెయ్యి మంచిదన్నట్టే. ఒకసారి ఎగ్జిబిషన్‌లో ఈ పరీక్ష పెట్టకుండా, రంగు చూసి మురిసిపోయి లాగుడు బండి కొన్నాను. ఇంటికొచ్చి లాగితే నాలుగు చక్రాలూ నాలుగు దారులు పట్టాయి. ఇరుసు బెజ్జం అరిగి, రెండో రోజుకే ఒక చక్రం మంచం కిందికి దొర్లింది.

ఈ లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక అనగానే అందరూ రంగుల ఊసే ఎత్తుతారు. ఎత్తాల్సిందే. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెట్టూ చేమా నుంచి తీసిన రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. అయితే లక్క పూత చివరాఖరి పని. బొమ్మ తిరుగుతుందా, మూత బిగుస్తుందా అన్నది అంతకు చాలా ముందే, బెజ్జం దగ్గరే తేలిపోతుంది.

అక్కడ వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా ఉంటుంది, ఉలికి ఇట్టే లొంగుతుంది. కానీ ఏ కర్రయినా పచ్చిగా ఉండగా బెజ్జం వేస్తే చిక్కే. ఆరేటప్పుడు కర్ర అన్ని వైపులా ఒకేలా కుంచించుకుపోదు కాబట్టి గుండ్రటి బెజ్జం కోలగా మారుతుంది. అందుకే బాగా ఆరిన ముక్కనే ఎంచుకోవాలి.

ఇక కర్రను తిప్పుతూ చెక్కే లేతు మీది కిటుకు. మామూలు డ్రిల్లు మిషన్‌లో చెక్క కదలదు, బరమా తిరుగుతుంది. మొదట్లో కొన రవ్వంత వాలిందా, ఆ వాలులోనే చివరిదాకా పోతుంది. లేతు మీద ఇది తారుమారు: కర్ర తిరుగుతుంది, బరమా కదలకుండా ముందుకు సాగుతుంది. కొన పక్కకు జరగబోతే తిరిగే కర్ర దాన్ని ఒక్క వైపుకే పోనివ్వదు, చుట్టూ అన్ని పక్కల నుంచీ నడిమికి నెడుతుంది. అలాగని కళ్లు మూసుకుని తోసెయ్యకూడదు. ముందు కర్ర కొసను సాపు చెయ్యాలి. ఉలి మొనతో నట్టనడుమ చిన్న గుంట పెట్టాలి. పొడుగు బరమా వంగుతుంది కాబట్టి పొట్టిదానితో దారి చేసి, ఆ తర్వాతే పొడుగుది దించాలి. తడవ తడవకీ వెనక్కి లాగి పొట్టు రాల్చాలి. బద్ధకించారా, పొట్టు ఇరుక్కుని వేడెక్కుతుంది, కమురు వాసన వస్తుంది, బరమా దారి తప్పుతుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది పనుల వరుస. ఆకారం చెక్కి ఆఖర్న బెజ్జం వెయ్యడం కొత్తవాళ్ల పని. ముందే బెజ్జం వేసి, అందులో బిర్రుగా దిగే కొయ్య చీల తొడిగి, ఆ చీలనే ఇరుసుగా పట్టించి వెలుపలి ఆకారం చెక్కితే, బెజ్జం కర్రలో కాస్త వంకరగా దిగినా చక్రానికి ఆ సంగతే తెలియదు. గుండ్రదనమంతా ఆ బెజ్జం చుట్టూనే ఏర్పడుతుంది. ఆ తర్వాత లక్క కడ్డీ ఒత్తితే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది, మొగలి ఆకుతో రుద్దితే నిగ్గు తేలుతుంది.

ఈ పని ఇంకా కఠినంగా చూడాలంటే నాదస్వరం దగ్గరికి వెళ్లాలి. కుంభకోణం దగ్గరి నరసింగంపేట్టైలో చేసే నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పాత ఇళ్లు కూల్చినప్పుడు దొరికే ఆచ్చా కర్ర అంటే అక్కడివాళ్లకు ప్రాణం. ఏళ్ల తరబడి ఇంట్లో ఆరిన దూలం ఇక వంకర్లు పోదు. అందులో నిలువునా, పైన సన్నగా మొదలై కిందికి వెడల్పయ్యే గొట్టం తొలవాలి. బొమ్మలో నూలుపోగంత తేడా వస్తే చక్రం ఊగుతుంది, ఇక్కడ వస్తే స్వరమే పక్కకు పోతుంది. ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడ్డ షేక్ చినమౌలానా చేతిలో అంతగా పలికిన వాద్యం ఇదే. వేళ్లతో వాయించే బెజ్జాలు ఏడు, అవి కాక అడుగున మరో ఐదు ఉంటాయి. వాద్యకారుడు ఆ అడుగు బెజ్జాల్లో కొన్నింటిని మైనంతో మూసి నాదం సరిచేసుకుంటాడు. లాగుడు బండి చేసేవాడికి ఆ మైనం వెసులుబాటు లేదు.