వేగమొక్కటే కొలబద్దయా?

కంప్యూటరు తెరమీద బొమ్మను గీయునది గ్రాఫిక్స్ కార్డు. ఎన్విడియా, ఏఎండీ సంస్థల కార్డులలో ఏది మేలో తేల్చుటకు విమర్శకులు సెకనుకు ఎన్ని బొమ్మలు గీయునో లెక్కించి పట్టిక వేయుదురు. బొమ్మ నాణ్యతకు మాత్రము పెక్కుమారులు ఒక నిశ్చల చిత్రముతో సరిపెట్టుదురు. ఈ పద్ధతి చాలదు.

నాణ్యత అనగా నేమో మన కృష్ణా డెల్టాలోనే చూతము. విజయవాడలోని 70 గేట్ల ప్రకాశం బ్యారేజీని కంప్యూటరుచే గీయించితిమనుకొనుడు. తెర చదరపు చుక్కల కూర్పు గనుక ఏటవాలు కమ్మీల అంచులు మెట్లుమెట్లుగా పడును. వానిని నునుపు చేయుటకు కార్డు ఒక్కొక్క చుక్కలో పలుచోట్ల రంగును చూచి సగటు తీయవలెను. వరిచేను మరింత కష్టము. గట్టున నిలిచి చూచిన, దగ్గరి నాట్ల వరుసలు విడివిడిగా నుండును. దూరమున పది వరుసలు ఒక్క చుక్కలో ఇరుకుకొనును. అచ్చట నమూనాలు తగ్గించిన కార్డుకు పని తగ్గి వేగము పెరుగును. చేను మాత్రము పచ్చరంగు పులిమినట్లగును. కావున నాణ్యతను విడిచి వేగమును తూచుట కుదరదు.

ఇందుకు చరిత్రయే సాక్షి. 2001లో ఏటీఐ సంస్థవారి రాడియాన్ 8500 కార్డుపై 'క్వేక్ 3' ఆటను పరీక్షించిరి. ఫైలు పేరులోని 'క్వేక్'ను 'క్వాక్'గా మార్చగానే వేగము తగ్గి బొమ్మ మెరుగైనది! కార్డును నడుపు డ్రైవరు ఆటను పేరుతో గుర్తుపట్టి నాణ్యతను తగ్గించుచుండెనన్నమాట. (2006లో ఏటీఐని ఏఎండీ కొన్నది.) 2003లో ఎన్విడియా వంతు వచ్చినది. 'త్రీడీమార్క్ 03' పరీక్షలో కెమెరా పోవు దారి ముందే తెలియును గనుక, ఆ దారిలో కనబడని భాగములను డ్రైవరు గీయక విడిచినది. పరీక్షను తయారుచేసిన ఫ్యూచర్‌మార్క్ ఈ సందులను మూయగా మార్కులు 24.1 శాతము వరకు పడిపోయినవి. పిదప ఆ సంస్థ 'మోసము' అను మాటను వెనుకకు తీసికొన్నది గాని, ప్రశ్నపత్రము ముందే చూచిన విద్యార్థి మార్కులవంటివే అవి.

నేడు ప్రశ్న మరింత సూక్ష్మమైనది. 4కె తెరపై 82,94,400 చుక్కలుండును. ఎన్విడియావారి డీఎల్‌ఎస్‌ఎస్, ఏఎండీవారి ఎఫ్‌ఎస్‌ఆర్ 2 పద్ధతులలో 'పర్ఫార్మెన్స్' రీతిని ఎన్నుకొన్నచో కార్డు 20,73,600 చుక్కలనే, అనగా నాలుగవ వంతునే గీసి, వెనుకటి బొమ్మల ఆధారముతో పూర్తి చిత్రమును కూర్చును. ఇది దోషము కాదు; వాడువాడు తెలిసి ఎన్నుకొన్న సౌకర్యము. చెప్పక తగ్గించుటయే దోషము. అయితే నిశ్చల చిత్రములో ఈ కూర్పు లోపములు బయటపడవు. బొమ్మ కదలునపుడే కమ్మీల వెనుక తోకవంటి నీడ కనబడవచ్చును.

ప్రయోగమున ఒక్క అంశమునే మార్చి, తక్కినవానిని స్థిరముగా నుంచవలెనని తరగతిలో బోధించుచున్నాము. ఇచ్చటను అదియే న్యాయము. ఒకే ఆట, ఒకే దృశ్యము, ఒకే అమరిక ఉండవలెను. ఎక్కువ నమూనాలతో నిదానముగా గీసిన ఒక ప్రమాణ చిత్రముతో రెండు కార్డుల బొమ్మలను చుక్కచుక్కకు పోల్చవలెను. కదలిక బొమ్మలను, కార్డు పేరు చెప్పక, పలువురకు చూపవలెను. నాణ్యత సమానమని తేలిన పిమ్మటనే వేగమును కొలువవలెను. అట్లు చేయని పట్టిక ఎంత పొడవైనదైనను కొనువానికి సగము నిజమునే చెప్పును.